టీకా – తాత్పర్యం: ఆస్పత్రి సిబ్బంది మనకు నేర్పిన పాఠం

(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవ సందర్భంగా ఆరోగ్యానికి సంబంధించిన ఏదైనా ఒక అంశం మీద మాట్లాడమని కార్యవర్గం వారు ఆదేశించారు. మధుమేహం గురించి, రక్తపోటు గురించి, గుండె జబ్బుల గురించి ఈ వేదిక మీదనే ఎన్నో మంచి ప్రసంగాలు విన్నాము. నేను ఎన్నుకున్న విషయం వేరు. కోవిడ్ మహమ్మారి కాలంలో ఆస్పత్రి సిబ్బందికి టీకాలు వేసినప్పుడు వారి శరీరాలలో ఏమి జరిగింది, దాని నుండి లోకం ఏమి నేర్చుకున్నది అన్నదే ఈనాటి ప్రస్తావన.

ఈ విషయమే ఎందుకని మీరు అడగవచ్చు. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వైద్యులో, నర్సులో, ఫార్మసిస్టులో, ప్రయోగశాల ఉద్యోగులో లేని బంధువర్గం అరుదు. కాబట్టి ఇది మన ఇంటి కథ. అంతేకాదు, ప్రసాద వితరణ వేళ నలుగురూ కూడినచోట వైద్యులమైన మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "చెప్పిన డోసులన్నీ వేసుకున్నాము, అయినా కోవిడ్ వచ్చింది. మరి టీకా వల్ల ఒరిగినదేమిటి?" ఇది న్యాయమైన ప్రశ్న. చిరునవ్వుతో దాటవేయదగినది కాదు. దీనికి సరైన సమాధానం దొరకని మనిషి రేపు మరొక వ్యాధికి మరొక టీకా వచ్చినప్పుడు ముఖం తిప్పుకుంటాడు. ఆ మనిషి ఆస్పత్రి ఉద్యోగి అయితే, ఆయన చేతుల మీదుగా వైద్యం పొందే రోగి కూడా ఆ నష్టంలో భాగస్వామి అవుతాడు.

ముందుగా ఒక మాట గురించి చెప్పుకుందాము. మన భాషలో జబ్బకు వేసే మందును టీకా అంటాము. కావ్యానికి వ్రాసే వ్యాఖ్యానాన్ని టీక అంటాము. ఈ రెండింటి పుట్టుకలు వేరు కావచ్చు, కాని వాటి పని మాత్రం ఆశ్చర్యంగా ఒకటే. కఠినమైన శ్లోకం ఎదురైనప్పుడు తడబడకుండా, దాని అర్థాన్ని ముందుగానే విప్పి చెప్పేది టీక. ప్రమాదకరమైన సూక్ష్మజీవి ఎదురైనప్పుడు శరీరం తడబడకుండా, దాని ఆనవాళ్ళను ముందుగానే పరిచయం చేసేది టీకా. మన మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్రాసిన వ్యాఖ్యకు "సంజీవని" అని పేరు పెట్టుకున్నారు. టీకాకు అంతకంటె తగిన పేరు దొరకదని నాకు అనిపిస్తుంది.

చిన్నప్పుడు తెలుగు పాఠంలో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రెండూ నేర్చుకున్నాము. పరీక్ష అయిన ఆరు నెలలకు ప్రతిపదార్థం చాలావరకు మరచిపోతాము. తాత్పర్యం మాత్రం ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. పద్యం మళ్ళీ కంటబడితే కొద్దిసేపట్లో పదాల అర్థాలు కూడా తిరిగి గుర్తుకు వస్తాయి. ఈ పోలికను మనసులో ఉంచుకోండి. ఈనాటి నా ప్రసంగ సారాంశమంతా ఇందులోనే ఉన్నది.

ఇక చరిత్రలోకి వద్దాము. 2020 డిసెంబరు 8వ తేదీన కోవెంట్రీ నగరంలోని విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 90 ఏళ్ళ మార్గరెట్ కీనన్ అనే వృద్ధురాలికి ఫైజర్ టీకా వేశారు. పరిశోధన ప్రయోగాలకు వెలుపల ఆ టీకాను ప్రపంచంలో మొట్టమొదట పొందిన వ్యక్తి ఆమె. ఆ సూది వేసిన నర్సు మే పార్సన్స్ ఫిలిప్పీన్స్ దేశం నుండి వచ్చి ఇక్కడ సేవ చేస్తున్న మహిళ. ఈ దేశపు ఆస్పత్రులు ఎవరి చేతుల మీద నడుస్తున్నాయో ఆ ఒక్క దృశ్యమే చెప్పింది.

ప్రాధాన్య క్రమంలో మొదటి వరుస వృద్ధాశ్రమవాసులకు, వారిని చూసుకునే సిబ్బందికి ఇచ్చారు. రెండవ వరుసలో 80 ఏళ్ళు దాటినవారిని, రోగులకు ప్రత్యక్షంగా సేవ చేసే ఆరోగ్య సిబ్బందిని చేర్చారు. దీనికి కారణం స్పష్టం. 2020 జనవరి నుండి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,15,500 మంది ఆరోగ్య సేవకులు కోవిడ్ వల్ల మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఈ దేశంలో తొలి నెలలలో ప్రాణాలు కోల్పోయిన వైద్యులలో అత్యధికులు దక్షిణాసియా, ఆఫ్రికా మూలాలు కలిగినవారే. ఆ వార్తలు వచ్చిన రోజులలో డ్యూటీకి బయలుదేరుతున్న కొడుకునో కోడలినో చూసి గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టుకున్న తల్లిదండ్రులు ఈ సభలో కూడా ఉన్నారు.

అయితే ఆస్పత్రి సిబ్బంది కేవలం టీకా పొందినవారు మాత్రమే కాదు. ఆ టీకా పనితీరును లోకానికి నిరూపించినవారు కూడా వారే. 2020 జూన్‌లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ "సైరెన్" అనే అధ్యయనం ప్రారంభించింది. క్రమంగా వందకు పైగా ఆస్పత్రుల నుండి వైద్యులు, నర్సులు, వార్డు సహాయకులు, కార్యాలయ ఉద్యోగులు, పారిశుద్ధ్య సిబ్బంది వేల సంఖ్యలో స్వచ్ఛందంగా చేరారు. లక్షణాలున్నా లేకపోయినా రెండు వారాలకు ఒకసారి ముక్కు, గొంతు నమూనా ఇచ్చేవారు. నిర్ణీత వ్యవధులలో రక్తం ఇచ్చేవారు. పన్నెండు గంటల డ్యూటీ ముగించుకొని, ఇంటికి వెళ్ళేముందు వరుసలో నిలబడి ఇచ్చిన రక్తమది.

పరిశోధనకు ఆస్పత్రి సిబ్బందే ఎందుకు అనుకూలం? వైరస్‌కు వారు పదేపదే ఎదురవుతారు. ఎవరికి ఏ రోజున ఏ టీకా వేశారో లెక్క ఉంటుంది. మళ్ళీ మళ్ళీ పరీక్షించడానికి అందుబాటులో ఉంటారు. లక్షణాలు లేని ఇన్ఫెక్షన్ కూడా తప్పించుకోదు. కాని ఒక పరిమితి కూడా ఉన్నది. వీరిలో అధికశాతం స్త్రీలు, అందరూ పనిచేసే వయసువారు, మొత్తం మీద ఆరోగ్యవంతులు. ఎనభై ఏళ్ళ తాతగారికి వీరి ఫలితాలను యథాతథంగా అన్వయించకూడదు.

సైరెన్ అధ్యయనం చెప్పిన మొదటి విషయం టీకా రాకమునుపటిది. ఒకసారి వైరస్ సోకి కోలుకున్న సిబ్బందికి తిరిగి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం, అంతకుముందు సోకనివారితో పోలిస్తే 84 శాతం తక్కువ అని తేలింది. అంటే శరీరం పాఠం నేర్చుకుంటున్నది. అయితే ఆ పాఠానికి చెల్లించే రుసుము కొందరి విషయంలో ప్రాణమే. అదే పాఠాన్ని ప్రాణభయం లేకుండా నేర్పగలమా అన్నదే ప్రశ్న.

రెండవ విషయం టీకా వచ్చిన తరువాతది. 2021 తొలి మాసాలలో 23 వేలకు పైగా సిబ్బందిని పరిశీలించినప్పుడు ఫైజర్ టీకా మొదటి డోసు వేసిన 21 రోజులకు ఇన్ఫెక్షన్ నుండి 70 శాతం, రెండవ డోసు వేసిన వారం రోజులకు 85 శాతం రక్షణ కనిపించింది. ఈ శాతాలను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. 85 శాతం అంటే నూటికి పదిహేను మందికి జబ్బు వచ్చి తీరుతుందని కాదు. టీకా లేనివారు వందమందికి సోకే పరిస్థితిలో, అంతే సంఖ్యలో టీకా వేసుకున్నవారిలో సుమారు పదిహేను మందికే సోకుతుందని అర్థం.

మూడవ విషయం మన ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. 35,768 మంది సిబ్బందిని 2021 సెప్టెంబరు వరకు అనుసరించి చూశారు. అంతకుముందు ఇన్ఫెక్షన్ రానివారిలో, దీర్ఘ వ్యవధితో రెండు ఫైజర్ డోసులు పొందినవారికి మొదటి రెండు మూడు నెలలలో 85 శాతం ఉన్న రక్షణ సుమారు ఆరున్నర నెలలకు 51 శాతానికి తగ్గింది. మరొకవైపు, ఒకసారి వైరస్ సోకి, ఆ తరువాత టీకా కూడా వేసుకున్నవారిలో రక్షణ 90 శాతానికి పైగా స్థిరంగా నిలిచింది. వారిలో ఏడాదిన్నర కిందట ఇన్ఫెక్షన్ వచ్చినవారు కూడా ఉన్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. 85 నుండి 51కి తగ్గినది ఏమిటి? టీకా ప్రయోజనమంతా కాదు. ఇన్ఫెక్షన్ సోకకుండా ఆపే శక్తి మాత్రమే. ఈ తేడా అర్థం కావాలంటే శరీరంలోకి ఒకసారి తొంగి చూడాలి.

టీకా వేసిన కొద్ది రోజులకు చంకలోని శోషరస గ్రంథులలో పెద్ద సందడి మొదలవుతుంది. కొందరికి అక్కడ బిళ్ళ కట్టినట్లు అనిపించడం అందుకే. వైరస్ పైనుండే ముల్లు వంటి ప్రోటీను ఆనవాలును గుర్తుపట్టగల బి కణాలు అక్కడ వృద్ధి చెందుతాయి. వాటిలో కొన్ని యాంటీబాడీలనే ప్రతిరక్షకాలను కోట్ల సంఖ్యలో తయారు చేస్తాయి. ఇవి రక్తంలో తిరుగుతూ, వైరస్ మన కణాల తలుపు తట్టకముందే దానిని చుట్టుముట్టి అడ్డుకుంటాయి. అదే సమయంలో టి కణాలు కూడా తయారవుతాయి. ఇవి వైరస్ అప్పటికే చొరబడిన కణాలను గుర్తించి తొలగిస్తాయి. ఈ హడావుడి అంతా ముగిసిన తరువాత, పాఠం నేర్చుకున్న కణాలలో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి, గ్రంథులలోను, ఎముక మజ్జలోను, రక్తంలోను కాపు కాస్తూ ఉంటాయి.

ప్రతిరక్షకాలు మన పోలికలోని ప్రతిపదార్థం వంటివి. తాజాగా ఉన్నంతకాలం గొప్పగా పనిచేస్తాయి, కాని తగ్గిపోతాయి. తగ్గడం సహజం. తెలిసిన ప్రతి జబ్బుకూ తయారైన ప్రతిరక్షకాలన్నీ అదే స్థాయిలో నిలిచిపోతే రక్తం పానకమైపోతుంది. జ్ఞాపక కణాలు తాత్పర్యం వంటివి. వైరస్ మళ్ళీ వస్తే అవి మేల్కొని పని మొదలుపెట్టడానికి కొద్ది రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో ముక్కులో, గొంతులో వైరస్ పెరగవచ్చు. జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు. పరీక్షలో రెండు గీతలు కనిపించవచ్చు. కాని ఊపిరితిత్తుల లోతుకు అది దిగేలోగా సైన్యం సిద్ధమవుతుంది. మొదటిసారి పాఠం నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టే శరీరానికి రెండవసారి అంతకాలం పట్టదు. ప్రాణాన్ని నిలబెట్టేది ఆ ఆదా అయిన కాలమే.

ప్రతిరక్షకాలు తగ్గే తీరును కూడా ఆస్పత్రి సిబ్బందే చూపించారు. ఇజ్రాయెల్‌లోని షెబా వైద్య కేంద్రంలో 4,868 మంది సిబ్బందిని రెండవ డోసు తరువాత ఆరు నెలల పాటు పరీక్షించారు. వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు మొదటి మూడు నెలలలో వేగంగాను, ఆ తరువాత నెమ్మదిగాను తగ్గాయి. పురుషులలోను, 65 ఏళ్ళు దాటినవారిలోను, వ్యాధినిరోధక వ్యవస్థ అణగి ఉన్నవారిలోను వాటి స్థాయి తక్కువగా కనిపించింది. బూస్టరు డోసులు ఎవరికి ముందుగా ఇవ్వాలన్న ఆలోచనకు ఇటువంటి లెక్కలే ఆధారం.

ఇక్కడ బ్రిటన్‌కు ప్రత్యేకమైన ఒక ఘట్టాన్ని గుర్తు చేస్తాను. 2020 డిసెంబరు 30న, రెండు డోసుల మధ్య మూడు వారాలు ఉండవలసిన వ్యవధిని పన్నెండు వారాల వరకు పెంచాలని ఇక్కడి ఆరోగ్యాధికారులు నిర్ణయించారు. ఉన్న టీకాలతో వీలైనంత ఎక్కువమందికి మొదటి డోసు అందించాలన్నది వారి ఉద్దేశం. రెండవ డోసుకు తేదీ ఖరారైన సిబ్బంది ఎందరికో ఆ తేదీలు వాయిదా పడ్డాయి. ఆగ్రహం వ్యక్తమైంది. మేమేమన్నా ప్రయోగశాల జంతువులమా అని అడిగినవారు ఉన్నారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్, లివర్‌పూల్, న్యూకాసిల్, బర్మింగ్‌హామ్ నగరాల పరిశోధకులు "పిచ్" అనే అధ్యయనంలో 503 మంది ఆరోగ్య సిబ్బంది రక్తాన్ని పరిశీలించారు. మూడు నాలుగు వారాలకే రెండవ డోసు పొందినవారి కంటె, సుమారు పది వారాల వ్యవధితో పొందినవారిలో రెండవ డోసు అనంతరం ప్రతిరక్షకాల స్థాయి అధికంగా ఉన్నది. ఎదురుచూసిన ఆ వారాలలో ప్రతిరక్షకాలు తగ్గినప్పటికీ టి కణాల స్పందన నిలిచే ఉన్నది. పాఠానికీ పాఠానికీ మధ్య కొంత ఎడం ఉంటే విద్య బాగా నాటుకుంటుందని మన గురువులు చెప్పే మాట శరీరానికీ వర్తించింది.

ఇప్పుడు మన దేశం వైపు చూద్దాము. భారతదేశంలో 2021 జనవరి 16న టీకా కార్యక్రమం ఆరోగ్య సిబ్బందితోనే ప్రారంభమైంది. పుణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారు చేసిన కోవాక్సిన్ వారికి అందాయి. దేశంలోని వివిధ ప్రాంతాలకు చెందిన 515 మంది ఆరోగ్య సిబ్బందిని రెండు డోసుల తరువాత పరీక్షించగా 95 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనిపించాయి. కోవిషీల్డ్ పొందినవారిలో 98.1 శాతం, కోవాక్సిన్ పొందినవారిలో 80 శాతం. ఈ అంకెలు చూసి మన ఊరి టీకా తక్కువదని నిరాశపడవలసిన పని లేదు. ఆ అధ్యయనంలో కోవాక్సిన్ పొందినవారు 90 మంది మాత్రమే. కొలిచినది ముల్లు ప్రోటీనుకు ఎదురైన ప్రతిరక్షకాలను. కోవాక్సిన్ నిర్జీవమైన పూర్తి వైరస్‌తో చేసినది కాబట్టి అది శరీరానికి చూపించే ఆనవాళ్ళు అంతకంటె ఎక్కువ. ప్రతిరక్షకాల కొలత ఒక సూచిక మాత్రమే, రక్షణ మొత్తానికి కొలమానం కాదు.

మన చిత్తూరు, నెల్లూరు, అనంతపురం జిల్లాల వారికి పెద్ద జబ్బు అనగానే గుర్తుకు వచ్చే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిని తీసుకుందాము. అక్కడి 10,600 మంది ఉద్యోగులలో 8,991 మంది 2021 జనవరి చివరి నుండి ఏప్రిల్ నెలాఖరు వరకు టీకా వేసుకున్నారు. వారిలో అత్యధికులకు అందినది కోవిషీల్డ్. ఆ వెంటనే రెండవ ఉప్పెన విరుచుకుపడింది. ప్రాణవాయువు కోసం జనం రోడ్ల మీద పరుగులు తీసిన రోజులవి. ఇక్కడ ఉండి ఫోనులో ఆ కేకలు విన్న మనలో ఎవరూ వాటిని మరచిపోలేరు. ఆ ఉప్పెనలో, టీకా వేసుకోనివారితో పోలిస్తే రెండు డోసులు పొందిన సిబ్బందికి ఇన్ఫెక్షన్ నుండి లభించిన రక్షణ 65 శాతం. ఆస్పత్రిలో చేరవలసిన స్థితి నుండి 77 శాతం. ప్రాణవాయువు అవసరం నుండి 92 శాతం. ఇంటెన్సివ్ కేర్ అవసరం నుండి 94 శాతం.

ఈ నాలుగు అంకెలను వరుసగా మరొకసారి చదవండి: 65, 77, 92, 94. జబ్బు తీవ్రత పెరిగేకొద్దీ టీకా రక్షణ కూడా పెరుగుతున్నది. "టీకా వేసుకున్నా కోవిడ్ వచ్చింది కదా" అన్న ప్రశ్నకు సమాధానం ఈ వరుసలోనే ఉన్నది. వచ్చింది, నిజమే. కాని వచ్చినది గడప దగ్గర ఆగిపోయింది. గర్భగుడి దాకా రాలేదు.

ఆ తరువాత 2021 నవంబరులో ఒమిక్రాన్ రూపం వచ్చింది. వైరస్ తన ముల్లు ప్రోటీనును ఎంతగానో మార్చుకున్నది. పాత ఆనవాలుకు తయారైన ప్రతిరక్షకాలు దానిని సరిగా పట్టుకోలేకపోయాయి. అందుకే ఆ శీతకాలంలో టీకా వేసుకున్నవారికి కూడా విస్తారంగా సోకింది. అయితే టి కణాలు గుర్తుపట్టే భాగాలు చాలావరకు మారలేదు. పద్యంలో కొన్ని పదాలు మారినా తాత్పర్యం తెలిసినవాడు భావాన్ని పట్టుకోగలిగినట్లే, తీవ్రమైన జబ్బు నుండి రక్షణ బాగానే నిలిచింది.

ఇంతవరకు శాస్త్రం. ఇక నమ్మకం గురించి మాట్లాడాలి, ఎందుకంటే నమ్మకం లేనిచోట సీసాలోని టీకా సీసాలోనే ఉంటుంది. 2021 తొలి మాసాలలో లెస్టర్ నగర ఆస్పత్రుల సిబ్బంది 19 వేల మంది వివరాలను పరిశీలించారు. శ్వేతజాతి ఉద్యోగులలో 70.9 శాతం టీకా వేసుకోగా, దక్షిణాసియా మూలాల వారిలో 58.5 శాతం, నల్లజాతి వారిలో 36.8 శాతం మాత్రమే వేసుకున్నారు. ఎవరికి జబ్బు ఎక్కువ హాని చేసిందో వారే టీకాకు వెనుకాడారు. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం తేలిక. కాని వీరు ఆస్పత్రులలో పనిచేసేవారు, మందుల విలువ తెలిసినవారు. రక్షణ దుస్తులు చాలని రోజులలో తమ గోడు వినని వ్యవస్థ, అకస్మాత్తుగా సూది పట్టుకొని ముందుకు రమ్మంటే కొందరికి సందేహం కలిగింది. గర్భిణులకు తొలి రోజులలో స్పష్టమైన సలహా లభించలేదు. వాట్సాప్‌లో మాత్రం అన్ని ప్రశ్నలకూ తప్పుడు జవాబులు సిద్ధంగా దొరికాయి.

ప్రభుత్వం ఒక దశలో నిర్బంధాన్ని ఆశ్రయించింది. 2021 నవంబరు 11 నుండి ఇంగ్లండ్ వృద్ధాశ్రమాల సిబ్బందికి టీకా తప్పనిసరి అయింది. 2022 ఏప్రిల్ 1 నుండి ఆస్పత్రి సిబ్బందికి కూడా వర్తింపజేయాలని సంకల్పించి, జనవరి 31న ఆ ఆలోచన విరమించుకుంటున్నట్లు ప్రకటించారు. నిర్బంధం మంచిదా కాదా అన్నది పెద్ద చర్చ. నా అభిప్రాయం ఒక్కటే చెబుతాను. సందేహించిన సహోద్యోగి పక్కన కూర్చొని అరగంట మాట్లాడిన నర్సు చేసిన పని ఏ ఉత్తరువూ చేయలేదు. దేవాలయాలు కూడా ఆ పని చేశాయి. లండన్ నీస్‌డెన్‌లోని స్వామినారాయణ మందిర ప్రాంగణం 2021లో టీకా కేంద్రంగా మారింది. తెలిసిన వాకిలిలో, తెలిసిన భాషలో పలకరింపు దొరికితే భయం సగం తగ్గుతుంది.

నమ్మకం నిలవాలంటే నిజం మొత్తం చెప్పాలి. టీకాలకు దుష్ఫలితాలు లేవని నేను అనను. ఆస్ట్రాజెనెకా టీకా తరువాత బహు అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య కనిపించింది. అందుకే 2021 ఏప్రిల్‌లో 30 ఏళ్ళలోపు వారికి, మే నెలలో 40 ఏళ్ళలోపు వారికి వేరే టీకా ఇవ్వడం మేలని ఇక్కడ సలహా ఇచ్చారు. ఫైజర్, మోడర్నా టీకాల తరువాత ముఖ్యంగా యువకులలో అరుదుగా గుండె కండరం వాచడం కనిపించింది. వాటి వల్ల నష్టపోయిన కుటుంబాలకు "అరుదు" అన్న మాట ఓదార్పు కాదు. ఆ విషయాలను గుర్తించి, బయటపెట్టి, సలహా మార్చుకోవడమే శాస్త్రం నిజాయితీకి నిదర్శనం. దాచిపెట్టినవాడిని నమ్మనక్కరలేదు. లెక్క చూపించినవాడిని నమ్మవచ్చు.

చివరిగా, ఈ పాఠాల నుండి మనం ఆచరించదగినవి కొన్ని మనవి చేస్తాను.

మొదటిది, టీకా వేసుకున్నాక యాంటీబాడీ పరీక్ష చేయించుకొని, అంకె తగ్గిందని బెంగపడకండి. అంకె తగ్గినంత మాత్రాన జ్ఞాపకం పోయినట్లు కాదు.

రెండవది, అందరి శరీరాలూ ఒకే విధంగా పాఠం నేర్చుకోవు. మూత్రపిండ మార్పిడి జరిగినవారు, రక్త సంబంధమైన క్యాన్సరుకు చికిత్స పొందుతున్నవారు, కీళ్ళ వాతానికి నిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవారు టీకా వేసుకున్నా తగినంత స్పందన రాకపోవచ్చు. వారికి అదనపు డోసులు అవసరం కావచ్చు. అటువంటివారు తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి. వారి చుట్టూ ఉన్న మనం జాగ్రత్తగా ఉండడమే వారికి రెండవ కవచం. జలుబు, జ్వరం ఉన్ననాడు ఆలయానికి రాకుండా ఇంట్లోనే దీపం పెట్టుకుంటే దేవుడు తప్పు పట్టడు. తీర్థం కోసం వరుసలో మీ ముందు నిలబడిన మామ్మగారికి అది మీరు చేసే సేవ.

మూడవది, మన ఊరి నుండి వచ్చే తల్లిదండ్రుల విషయం. ఆరు నెలలు ఉండడానికి వచ్చే పెద్దలకు తొలి శీతకాలంలోనే ఇక్కడి ఫ్లూ ఎదురవుతుంది. విమానం టిక్కెట్టు, ప్రయాణ బీమాతో పాటు వారి టీకాల సంగతి కూడా బయలుదేరేముందే అక్కడి వైద్యునితో మాట్లాడి చూసుకోండి.

నాలుగవది, ఆస్పత్రులలో పనిచేస్తున్న నా సోదరీసోదరులకు. ఏటా శరదృతువులో మనకు ఫ్లూ టీకా ఉచితంగా ఇస్తారు. మహమ్మారి ముగిసిందన్న అలసటతో దానిని వాయిదా వేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఫ్లూ టీకా రక్షణ కూడా సంపూర్ణం కాదు, కొన్ని నెలలలో తగ్గుతుంది. కాబట్టే ఏటా వేసుకోవాలి. మనం ఆరోగ్యవంతులం కావచ్చు. మన చేతి కింద ఉన్న రోగి కాకపోవచ్చు. పక్కన సందేహించే సహోద్యోగి ఉంటే ఎగతాళి చేయకండి. టీ విరామంలో కూర్చొని ఆయన ప్రశ్న పూర్తిగా వినండి.

ఐదవది, రేపు మరొక అధ్యయనానికి స్వచ్ఛంద సేవకులు కావాలని పిలుపు వస్తే, మన పేర్లు అందులో ఉండాలి. మన జాతివారి రక్తం లేని పరిశోధన మన శరీరాల గురించి పూర్తిగా చెప్పలేదు. అన్నదానం, విద్యాదానం, రక్తదానం గొప్పవని ఈ ప్రాంగణంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాము. పరీక్షనాళికలోకి నెలనెలా ఇచ్చిన ఆ కొద్దిపాటి రక్తం ఎవరి ప్రాణాన్ని కాపాడిందో ఇచ్చినవారికి తెలియదు, పొందినవారికీ తెలియదు. ఫలం ఆశించని దానమంటే అదే.

మహమ్మారి రోజులలో జనం గుమ్మాలలో నిలబడి మన ఆస్పత్రి సిబ్బందికి చప్పట్లు కొట్టారు. చప్పట్లు ప్రతిరక్షకాల వంటివి, త్వరగా తగ్గిపోయాయి. అందులో తప్పేమీ లేదు. మిగలవలసినది జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్ని మన సమాజం నిలుపుకున్నదా లేదా అన్నది రాబోయే ఉపద్రవం వచ్చిననాడు, మొదటి కొద్ది రోజులలోనే తేలుతుంది.

 

స్వస్తి.